తొమ్మిదో అంతస్తు చిట్టీ

స్టెల్లా ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజే ప్రింటర్ తనంతట తాను కదిలింది. ఆమె చేసిందల్లా కంప్యూటర్లో కంప్లైంట్ల ఫైలు తెరవడమే. ఇంకా ఒక్క అక్షరం కొట్టలేదు. గోడవారన ఉన్న ప్రింటర్ గుర్రుమని, చిన్న కాగితం ఒకటి బయటికి తోసి, సద్దుమణిగింది. కాగితం మీద ఆనాటి తేదీ, దాని కింద "904, బెల్" అని రెండే ముక్కలు.

గల్ఫ్‌లో, మనామా పక్కన అమ్వాజ్ దీవుల్లో సముద్రం అంచున ఉన్న ఒక టవర్‌లో మరమ్మతులు చూసే కంపెనీ ఆఫీసు అది. స్టెల్లాది నరసాపురం దగ్గర పల్లె. భర్త టిమోతి తుబ్లీలో వెల్డింగ్ పనిచేస్తాడు, ఇద్దరూ మహూజ్‌లో ఒక గది తీసుకుని ఉంటున్నారు. అప్పటిదాకా ఆమె టవర్ రిసెప్షన్లో తాళాలూ పార్సిళ్ళూ చూసుకునేది. కంప్లైంట్లు రాసే యూనుస్ భాయ్‌కి ఒక మధ్యాహ్నం గుండె నొప్పి వచ్చింది. ఇరవై ఏళ్ళు అక్కడే పనిచేసిన మనిషిని రెండు రోజుల్లో నిజామాబాద్ పంపించేశారు, ఆపరేషన్‌కి. ఎవరికీ ఏదీ అప్పగించే వ్యవధి లేకపోయింది. ఆయన తిరిగొచ్చేదాకా చూడమని స్టెల్లాని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

ప్రింటర్ అలా కదలడం మొదటి రోజు ఆమెను ఉలిక్కిపడేలా చేసింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ఫైలు తెరిస్తే చాలు, 904, బెల్. ఆ కాగితాన్ని ఏం చెయ్యాలో ఆలోచించే పని కూడా ఆమెకు లేదు. లక్ష్మణ్ వచ్చి తీసుకుపోయేవాడు. జగిత్యాల వైపు కుర్రాడు, ఎలక్ట్రీషియను. పొద్దున్నే ఆఫీసులోకి వచ్చి, "నమస్తే అక్కా" అని, ప్రింటర్ దగ్గర కాగితం తీసుకుని జేబులో పెట్టుకుని లిఫ్టు ఎక్కేవాడు. చిట్టీ లేకుండా పనివాళ్ళెవరూ ఫ్లాట్ల దగ్గరికి పోకూడదని ఆ టవర్లో నియమం. పైన గార్డు అడుగుతాడు.

రోజూ బాగుచేసే బెల్ ఏమిటో స్టెల్లాకి అర్థం కాలేదు. ఎప్పుడో ఇచ్చిన పని ఫైల్లో ఇరుక్కుపోయి బయటికి రావడం లేదేమో అనుకుంది. లక్ష్మణ్‌ని అడగొచ్చు. కానీ కొత్తగా వచ్చిన మనిషి తనకు తెలియదని ఒప్పుకోవడం ఎందుకని ఊరుకుంది. అతనూ, ఆఫీసులో కూర్చున్న అక్కకి తెలియకుండా ఉంటుందా అనుకుని ఏమీ చెప్పలేదు.

ఎండలు ముదిరి, సముద్రం మీంచి వచ్చే గాలి కూడా ఆవిరిలా తగులుతున్న రోజుల్లో మనామా ఆఫీసు నుంచి కొత్త కంప్యూటర్ వచ్చింది. పాత ఫైళ్ళన్నీ అందులోకి మార్చారు. స్టెల్లా కంప్లైంట్ల ఫైలు తెరిచింది. ప్రింటర్ కదల్లేదు. ఫైలు పైభాగాన పసుపు రంగు పట్టీ ఒకటి కనిపించింది. మాక్రోలు ఆపేశామని, కావాలంటే పక్కనున్న బటన్ నొక్కమని దాని మీద ఇంగ్లీషులో ఉంది.

హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసే రాహీల్‌కి ఫోన్ చేసి అడిగింది. హైదరాబాద్ కుర్రాడు, ఓపిగ్గా చెప్పాడు. మాక్రో అంటే ఫైలు లోపల దాచిపెట్టిన ఆజ్ఞలు, కొన్ని ఫైలు తెరవగానే ఎవరూ చెప్పకుండా వాటంతటవే నడుస్తాయి. వైరస్‌లు ఈ దారినే వస్తాయి. పాతవాళ్ళు ఏమేం పెట్టి పోయారో ఎవరికి తెలుసు, బటన్ నొక్కకుండా పట్టీ మూసెయ్యమన్నాడు. ఆమె పట్టీ చివర ఉన్న చిన్న ఇంటూ గుర్తు మీద నొక్కింది. పట్టీ మాయమైంది.

కాసేపటికి లక్ష్మణ్ వచ్చాడు. ప్రింటర్ వైపు చూశాడు, ఖాళీగా ఉంది.

"చిట్టీ రాలేదా అక్కా?"

"లేదు. ఇంక రాదులే," అంది స్టెల్లా, తలెత్తకుండానే.

అతను సరేనని తలూపి జనరేటర్ గది వైపు వెళ్ళిపోయాడు. ఆమెకి హాయిగా అనిపించింది. రోజూ పొద్దున్నే గుండె జల్లుమనిపించే ఆ చప్పుడు లేదు.

ఆ వారం గడవకముందే 804 నుంచి ఫోన్ వచ్చింది. బాత్రూం కప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయని. పై ఫ్లాట్‌లో కుళాయి వదిలేసి ఉంటారని స్టెల్లా కంప్లైంటు టైపు చేసి, తన చేత్తోనే చిట్టీ రాసి లక్ష్మణ్‌కి ఇచ్చింది. అతను చిట్టీ మీద 904 అన్న నంబరు మళ్ళీ చదివాడు. మనిషి ఊళ్ళో లేనప్పుడు నీళ్ళెలా వస్తాయని గొణుక్కుంటూ లిఫ్టు వైపు నడిచాడు.

తర్వాత అంతా గబగబా జరిగిపోయింది. బెల్‌కి ఎవరూ పలకలేదు. గార్డు మేనేజర్ని పిలిచాడు, మేనేజర్ పోలీసుల్ని పిలిచాడు, తలుపు తీయించారు. 904లో సుహైలా అని ఇరాక్ నుంచి వచ్చిన ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఒకప్పుడు స్కూల్లో లెక్కలు చెప్పిన టీచరు. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. లేవలేకపోయింది. ఫోను పడగ్గదిలో ఉండిపోయింది. కుళాయి అందుకుని తిప్పగలిగింది కానీ కట్టలేకపోయిందో, లేక నీళ్ళు కిందికి కారితే ఎవరైనా వస్తారని కావాలనే వదిలేసిందో ఎవరూ చెప్పలేకపోయారు. పడ్డాక ఒక పగలూ ఒక రాత్రీ ప్రాణంతో ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడట.

అందరితోపాటు స్టెల్లా కూడా పాపం అనుకుంది. చూడ్డానికి పైకి వెళ్ళలేదు. తెల్లటి గుడ్డ కప్పి స్ట్రెచర్ మీద కిందికి తెస్తుంటే లేచి నిలబడింది. అంతే.

మర్నాడు లక్ష్మణ్ ఆఫీసులోకి వచ్చి, ఎప్పుడూ కూర్చోనివాడు, ఆమె ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"టీచరమ్మ ఊరికి పోయిందనుకున్న అక్కా," అన్నాడు. "యూనుస్ భాయ్ ఉన్నప్పుడు గట్లనే ఉండె. ఆమె కొడుకు దగ్గరికి పోతే చిట్టీ బందయ్యేది. వచ్చినంక మళ్ళ షురువయ్యేది. నువ్వు ఇంక రాదంటే, ఈసారి ఇక్కడ్నుంచి మొత్తానికే పోయిందనుకున్న."

స్టెల్లాకి మొదట ఏమీ తలకెక్కలేదు. ఏ చిట్టీ అని అడిగింది. అతను ఆశ్చర్యంగా చూసి చెప్పుకొచ్చాడు. రోజూ పొద్దున్నే తను పైకి పోయి బెల్ రెండుసార్లు కొట్టేవాడు. లోపల్నుంచి ఆవిడ "తమామ్", అంతా బాగే అని కేకేసేది. ఒక్కోసారి తలుపు తీసి ఖర్జూరం పెట్టిన బిస్కెట్టు చేతిలో పెట్టేది. ఆవిడ పలికితే కిందికి వచ్చెయ్యాలి, పలకకపోతే గార్డుతో తలుపు తీయించాలి. యూనుస్ భాయ్ ఆవిడకిచ్చిన మాట అది. చిట్టీ లేనిదే గార్డు పైకి పోనివ్వడు కదా, అందుకని రోజూ మర్చిపోకుండా చిట్టీ దానంతటదే వచ్చేలా కంప్యూటర్లో ఏదో పెట్టాడు.

అతను వెళ్ళిపోయాక స్టెల్లా చాలాసేపు ఆ ఫైలు వంకే చూస్తూ కూర్చుంది. పసుపు పట్టీ మళ్ళీ వచ్చి ఉంది. తను మూసిన ప్రతిసారీ అది మర్నాడు మళ్ళీ వచ్చింది. మొత్తానికే పోయిందనుకున్న, అన్నాడు లక్ష్మణ్. పట్టీ మూసిన పొద్దుటికి ఆవిడ ఇంకా పడలేదు. ఆ తర్వాతే పడింది. లోపల పడి ఉండి, బెల్ మోగుతుందని, మోగితే కేకేద్దామని, ఒక పొద్దున్న ఎదురుచూసి ఉంటుంది. ఈ ఊహ వచ్చాక స్టెల్లా దాన్ని ఇక వదిలించుకోలేకపోయింది.

ఆమెనెవరూ ఏమీ అడగలేదు. పోలీసులు జారిపడిందని రాసుకున్నారు. మేనేజరు బాత్రూం గచ్చు గురించి మాట్లాడాడు. టిమోతికి చెబితే, నీకెలా తెలుస్తుంది అన్నాడు, అన్నం కలుపుకుంటూ. నిజమే. శుక్రవారం, సెలవు రోజున, చర్చిలో తెలుగు వాళ్ళ ఆరాధనలో అందరూ లేచి పాడుతుంటే ఆమె నోరు కదిపింది కానీ గొంతు రాలేదు. పాట మధ్యలో అందరూ ఊపిరి తీసుకున్నప్పుడు వచ్చే ఆ చిన్న నిశ్శబ్దంలో ఎవరో ఎక్కడో పిలుస్తున్నట్టు తోచింది.

చివరికి యూనుస్ భాయ్‌కి ఫోన్ చేసింది. ముందు ఆయన కొడుకు ఎత్తాడు. ఆపరేషన్ అయింది, ఇంకా నీరసంగా ఉన్నాడు, కంగారుపెట్టే మాటలు చెప్పొద్దని హెచ్చరించి ఫోన్ అందించాడు. యూనుస్ భాయ్ గొంతు పలచబడిపోయి ఉంది. ఆమె క్షేమం అడిగాడు, ఆఫీసు గురించి అడగలేదు, మేనేజర్ గురించి అడగలేదు.

"తొమ్మిది వందల నాలుగుకు చిట్టీ పోతున్నదా బేటీ?" అన్నాడు.

"పోతోంది భాయ్," అంది.

"అల్లా నిన్ను సల్లగ చూడాలె," అన్నాడాయన. ఆ ఒక్క సంగతే తన మనసులో ఉండిపోయిందని, మంచం మీద పడుకుని అదే తలుచుకుంటున్నానని చెప్పాడు.

మర్నాడు పొద్దున స్టెల్లా ఫైలు తెరిచి, పసుపు పట్టీ మీది బటన్ నొక్కింది. ప్రింటర్ గుర్రుమంది. 904, బెల్. ఆ కాగితాన్ని లక్ష్మణ్ రాకముందే తీసుకుని, తనే లిఫ్టు ఎక్కి తొమ్మిదో అంతస్తుకి పోయింది. అబద్ధం చెప్పింది, ఆ అబద్ధాన్ని నిజం చెయ్యాలి. ఆమెకి తోచిన దారి అదొక్కటే.

పై వరండా చల్లగా, పొడుగ్గా, కార్పెట్ మీద అడుగు చప్పుడు వినబడకుండా ఉంది. చివర కిటికీలోంచి సముద్రం తెల్లగా మెరుస్తోంది. 904 తలుపుకి పోలీసులు అంటించిన టేపు ఇంకా ఉంది. ఆమె బెల్ నొక్కింది. ఫ్లాట్‌కి కరెంటు తీసేశారని తెలుసు, మోగదనుకుంది. మోగింది. లోపల ఖాళీ గదుల్లో ఎక్కడో దూరంగా, రెండు పిట్టలు పలికినట్టు. ఆ బెల్‌కి వరండా లైన్లోంచే కరెంటు వస్తుందని తర్వాతెప్పుడో తెలిసింది. రెండోసారి నొక్కింది. జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆగింది. ఎంతసేపు ఆగాలో తెలియలేదు. లోపల నీళ్ళ చుక్క ఒకటి పడినట్టు అనిపించింది, తర్వాత అదీ లేదు.

అలా రోజూ వెళ్ళింది. ఆగుదామనుకున్న రోజున కూడా ఫైలు తెరవక తప్పదు, తెరిస్తే చిట్టీ రాక తప్పదు, చిట్టీ వస్తే దాన్ని చేతిలో పట్టుకుని ఉండలేదు. ఇంటి దగ్గర కుక్కర్ కూతపెట్టినా ఉలిక్కిపడేది. టిమోతి ఊరికి పోయి రెండు నెలలు ఉండి రమ్మన్నాడు. ఆమె వినలేదు.

ఒక పొద్దున బెల్ కొట్టగానే లోపల అడుగుల చప్పుడు వినిపించింది. ఆమె వెనక్కి అడుగు వేసే లోపల తలుపు తెరుచుకుంది. ఎదురుగా నెరిసిన గడ్డంతో, చేతిలో అట్టపెట్టె పట్టుకుని పొడుగాటి మనిషి నిలబడ్డాడు. సుహైలా కొడుకు. స్వీడన్ నుంచి సామాన్లు సర్దడానికి వచ్చాడు. ఎవరు కావాలని ఇంగ్లీషులో అడిగాడు. స్టెల్లా చేతిలో చిట్టీ చూపించింది. అతను దాన్ని చదివి, ఆమె ముఖం చూసి, లోపలికి రమ్మన్నాడు.

ఆమె గడప దాటలేదు. అక్కడే నిలబడి, వచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పింది. కొత్త కంప్యూటర్, పసుపు పట్టీ, ఇంటూ గుర్తు, ఇంక రాదులే అన్న మాట. చెబుతున్నంతసేపూ అతను పెట్టెను కింద పెట్టలేదు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

అతను తిట్టలేదు. ప్రతి పొద్దునా ఎవరో వచ్చి బెల్ కొడతారని అమ్మ ఫోన్లో చెబుతుండేదట. ఆ కుర్రాడు ఏ రోజూ తప్పడు, నువ్వు బెంగపడకు అనేదట. "అందుకనే నేను వారానికొకసారి ఫోన్ చేసేవాణ్ణి," అన్నాడు. ఆ తర్వాత, ఇక బెల్ కొట్టొద్దని నెమ్మదిగా అడిగాడు. తను ఈ ఇంట్లో ఇంకా కొన్నాళ్ళు పడుకోవాలి, ఆ చప్పుడు వినలేనన్నాడు.

స్టెల్లా కిందికి వచ్చి అప్పటికప్పుడు నిజామాబాద్‌కి ఫోన్ చేసింది. యూనుస్ భాయ్ అప్పటికి లేచి తిరుగుతున్నాడు. ఏడవకుండా చెప్పాలనుకుంది, కుదరలేదు. అంతా అయ్యాక ఫోన్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"నేనే ఆమె సంగతి నీకు రాసి పెట్టి రావాల్సింది," అన్నాడు చివరికి. "మిషన్‌కు చెప్పిన. మనిషికి చెప్పలే."

చిట్టీ ఆపడమెలాగో అడిగింది. కంప్యూటర్లో లోపలికి పోయి తీసెయ్యొచ్చు, కానీ ఇప్పుడు అదంతా చెప్పే ఓపిక లేదన్నాడు. ఫైలు తెరిచేటప్పుడు షిఫ్ట్ బటన్ నొక్కి పట్టుకో, పూర్తిగా తెరుచుకునేదాకా వదలకు, మాక్రో నడవదు అన్నాడు.

అప్పట్నుంచి ప్రతి పొద్దునా ఆమె ఎడమచేతి చిటికెనవేలితో షిఫ్ట్ నొక్కిపట్టి ఫైలు తెరిచేది. కొడుకు వెళ్ళిపోయాడు. ఫ్లాట్‌కి రంగులు వేశారు. చలి మొదలయ్యే రోజుల్లో 904లోకి కొత్తగా పెళ్ళైన జంట ఒకటి దిగింది. స్టెల్లా పైకి పోవడం పూర్తిగా మానుకుంది.

ఆ జంట దిగిన కొన్నాళ్ళకు వాళ్ళ దగ్గర్నుంచి కంప్లైంటు వచ్చింది. అమ్మాయే ఫోన్ చేసింది. పొద్దున్నే బెల్ రెండుసార్లు మోగుతోంది, తలుపు తీస్తే ఎవరూ ఉండటం లేదు, రోజూ ఇదే వరస, బెల్‌లో ఏదో లోపం ఉంది చూడమని. స్టెల్లా ఆ మాటలు టైపు చేసింది. 904 అని కొట్టింది. పక్కన బెల్ అని కొట్టింది. ప్రింటర్ వంక చూసింది. అది కదల్లేదు. ఈసారి ఆ రెండు ముక్కలూ ఆమె తన చేత్తోనే కొట్టింది.

మర్నాడు ఆఫీసు తెరవకుండా నేరుగా తొమ్మిదో అంతస్తుకి పోయి, మెట్ల తలుపు వెనక నిలబడింది. ఏం కనిపించినా కేక పెట్టకూడదని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. కాసేపటికి లిఫ్టు ఆగింది. కార్పెట్ మీద అడుగు చప్పుడు రాలేదు. బెల్ మోగింది, మళ్ళీ మోగింది. వెంటనే ఎవరో మెట్ల తలుపు తోసుకుని ఇవతలికి వచ్చి ఆమెను గుద్దుకున్నారు. లక్ష్మణ్.

పక్కన 904 తలుపు తెరుచుకున్న చప్పుడు, అమ్మాయి విసుగ్గా ఏదో అనడం, తలుపు మూసుకోవడం వినిపించాయి. వాళ్ళిద్దరూ మెట్ల మీద కూలబడ్డారు.

"ఎందుకురా తమ్ముడూ?" అంది స్టెల్లా.

లక్ష్మణ్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. "చిట్టీ రాలేదని ఆగిపోయిన అక్కా అప్పుడు. తలుపు ముందల్నుంచే పోయిన రోజు ఉన్నది, పక్క ఫ్లాట్‌ల లైటు పని పడితే. ఒక్కసారి కొట్టిపోదామనిపించింది. చిట్టీ లేదు గదా అనుకున్న." తలెత్తి, "ఇప్పుడు చిట్టీ రాకున్నా కాళ్ళు పోతున్నయి," అన్నాడు.

గార్డు ఎలా పోనిస్తున్నాడని అడిగితే, అతనూ ఆ రోజు తలుపు తీయించినవాడే, చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడన్నాడు. స్టెల్లా అతని వీపు మీద చెయ్యి వేసింది. ఇన్నాళ్ళూ ఆ పొద్దుటి ఊహ తనొక్కదాని తలలోనే తిరుగుతోందనుకుంది. ఇతనికి ఇంకా దగ్గరిది ఉంది. తలుపుకి ఇవతల తన కాళ్ళు, అవతల ఆవిడ.

ఆ కంప్లైంటు ఎదురుగా వైరు బాగుచేశామని ఆమె రాసింది. అబద్ధమే. ఇంక పైకి పోనని లక్ష్మణ్ మాటిచ్చాడు కానీ ఆ మాట నిలవదని ఇద్దరికీ తెలుసు. ఆ కాళ్ళకి ఇంకో గుమ్మం చూపించాలి. మూడో అంతస్తు 311లో, భార్య పోయాక ఒంటరిగా మిగిలిన లెబనాన్ పెద్దాయన ఒకడున్నాడు. స్టెల్లా పోయి, రోజూ మనిషిని పంపమంటారా అని అడిగింది. నాకేం రోగమని విసుక్కుని తలుపేసుకున్నాడు. రెండు రోజులు పోయాక తనే ఆఫీసుకు దిగి వచ్చి, మరీ పొద్దున్నే వద్దన్నాడు.

యూనుస్ భాయ్ ఫోన్లో చెబుతుంటే, ఒక్కొక్క మెనూ తెరుచుకుంటూ ఆమె మాక్రో దాగిన చోటికి పోయింది. ఇంగ్లీషు ముక్కల మధ్య 904 అని మామూలు అంకెల్లోనే ఉంది. దాన్ని చెరిపి 311 అని కొట్టడానికి ఎంతోసేపు పట్టింది. చిట్టీ ఎందుకు వస్తోందో, ఆగితే ఏం చెయ్యాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించింది. ఇంగ్లీషులో ఇంకొకటి. రాహీల్‌కి ఫోన్ చేసి, ఈ ఫైలు ఒక్కదాన్ని ఏ కంప్యూటర్‌కి మార్చినా ముందు తనకి చెప్పాలని గట్టిగా చెప్పింది. అతను రాసి పెట్టుకుంటానన్నాడు.

యూనుస్ భాయ్ ఇక తిరిగి రాలేదు. స్టెల్లా ఆ కుర్చీలోనే ఉండిపోయింది. పొద్దున ఫైలు తెరుస్తుంది, ప్రింటర్ గుర్రుమంటుంది, లక్ష్మణ్ చిట్టీ తీసుకుని పోతాడు. అతను దిగి వచ్చి తలూపేదాకా ఆమె ఇంకే కంప్లైంటూ టైపు చెయ్యదు. ఫోన్ మోగినా ఎత్తదు.

మొన్నొక రోజు అతను ఎంతకీ దిగి రాలేదు. ఆమె కుర్చీ వెనక్కి తోసి, తాళాల గుత్తి అందుకుని, లిఫ్టు దగ్గరికి పరుగెత్తింది. లిఫ్టు తెరుచుకుంది, లోపల లక్ష్మణ్ ఉన్నాడు. పెద్దాయన గడ్డం గీసుకుంటూ నీళ్ళ చప్పుడులో బెల్ వినలేదట. తమామ్, అంతా బాగానే ఉంది అన్నాడు. ఆమె సరేనని తలూపి వచ్చి కూర్చుంది. తాళాల గుత్తిని బల్ల మీద పెట్టలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పి అన్నం కలుపుకునేదాకా అది ఒళ్ళోనే ఉంది.